ఎడారి దిబ్బలకు ఏ వెలుతురు మంచిది? జైసల్మేర్ వెళ్తున్నాను, సలహా కావాలి

గోదారిగట్టు | జనవరి 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సంక్రాంతి కాగానే అమ్మనీ, మా ఆవిడనీ తీసుకుని జైసల్మేర్ వెళ్తున్నాను. నాకిది రెండోసారి. మూడేళ్ల కిందట వెళ్లినప్పుడు సమ్ దిబ్బల దగ్గర నాలుగు వందల ఫోటోల దాకా తీశాను. ఒక్కటీ గోడకు పెట్టుకునేలా రాలేదు. జీపు మధ్యాహ్నం మూడున్నరకే దింపేసింది. ఆ ఎండకి ఇసుకంతా పాలిపోయింది. సాయంత్రం తీసినవి కాస్త నయం, కానీ దిబ్బకి ఒకవైపు మండిపోయే నారింజ రంగు, రెండోవైపు బొగ్గులాంటి నీడ. సూర్యుడు దిగగానే అందరూ జీపులెక్కేశారు, మేమూ ఎక్కేశాం.

నా కంటికి గుర్తున్న ఎడారి అలా లేదు. ఉతికి ఆరేసిన నేతచీరలా మడతలు మడతలుగా, మెత్తగా ఉంది. ఆ మెత్తదనం ఫోటోలోకి రావాలంటే ఏ వేళకి ఎటు తిరిగి నిలబడాలి? నా దగ్గరున్నవి క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సరున్న) కెమెరా, దగ్గరివాటికి 18-55, దూరపువాటికి 55-250 లెన్సులు, ఒక తేలికపాటి ట్రైపాడ్. కొత్తగా ఏమీ కొనదలచుకోలేదు.

వేకువచుక్క | జనవరి 3, రాత్రి 10:40

సూర్యుడు దిగగానే జీపులెక్కేశాం అన్నారు చూడండి, సరిగ్గా అప్పుడే మీకు కావలసిన వెలుతురు మొదలవుతుంది.

మా వారి ఉద్యోగరీత్యా ఆరేళ్లు జోధ్‌పూర్‌లో ఉన్నాం. చలికాలంలో వీలు చిక్కినప్పుడల్లా ఖూరీ దిబ్బల వైపు వెళ్లేవాళ్లం. సూర్యుడు నేలకి దగ్గరగా ఉండే వేళని గోల్డెన్ అవర్ అని అందరూ చెప్తారు. రంగు మటుకు అప్పుడు బాగుంటుంది, కాదనను. కానీ ఎంత కిందికి దిగినా సూర్యుడు ఆకాశంలో ఒక చిన్న బిళ్లే. చిన్న దీపం వేసే నీడకు అంచు పదునుగా ఉంటుంది. మీ ఫోటోల్లో ఒకవైపు మంట, ఒకవైపు బొగ్గు రావడానికి కారణం ఇదే. బిళ్ల నేల కిందికి పోయాక దీపమే మారిపోతుంది. అప్పుడు దిబ్బ మీద వెలుతురు పోసేది పడమటి ఆకాశం మొత్తం. అంత పెద్ద దీపం కింద నీడకు అంచంటూ ఉండదు. ఇసుక వెలుగులోంచి నీడలోకి మెల్లగా జారిపోతుంది. పెంకుటింట్లో కిటికీ పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటున్న అమ్మమ్మ ముఖం మీద ఎలాంటి వెలుతురు పడుతుందో, అచ్చం అలాంటిది.

ఇక వేళలు. మీరు వెళ్లే రోజుల్లో అక్కడ అస్తమయం సాయంత్రం 6:15 ప్రాంతంలో. సూర్యుడు నేల అంచుకి 6 డిగ్రీల కిందికి చేరడానికి ఇంకో 25 నిమిషాలు. అంటే 6:15 నుంచి 6:40 వరకు మీది. మొదటి ఐదారు నిమిషాలు అంతా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, చాలామంది అక్కడే ఆశ వదులుకుని లేచిపోతారు. మీరు లేవకండి. ఆకాశం శుభ్రంగా ఉంటే ఆ తర్వాత రంగు మళ్లీ తిరిగొస్తుంది. తూర్పువైపు కూడా ఓసారి చూడండి. నేలను ఆనుకుని బూడిద నీలం పట్టీ ఒకటి, దానిపైన గులాబీ పట్టీ ఒకటి లేస్తాయి. ఆ నీలం పట్టీ భూమి నీడ. మనం నిలబడ్డ భూమి తన నీడను తానే గాలి మీద వేసుకోవడం అది. మొదటిసారి ఎవరో చెప్పగా చూసి చాలాసేపు కెమెరా పట్టుకోవడం మరిచిపోయాను.

పొద్దున్నే వెళ్లగలిగితే ఇంకా మంచిది. గాలి తక్కువ, రాత్రి గాలికి ముందురోజు అడుగుజాడలు చాలావరకు మాసిపోయి ఉంటాయి. లేవడం కూడా మీరనుకున్నంత కష్టం కాదు. మన గడియారాలు నడిచేది కాకినాడ పక్కగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. జైసల్మేర్ 71 డిగ్రీల దగ్గరుంది. ఆ దూరానికే 45 నిమిషాల తేడా, ఉత్తరాన చలికాలపు పగలు చిన్నది కాబట్టి ఇంకో పావుగంట. మీ గోదావరి జిల్లాల్లో 6:35కి పొద్దు పొడిస్తే అక్కడ 7:35. మెత్తని వెలుతురు 7:10కి మొదలవుతుంది. ఆరున్నరకి దిబ్బ కింద ఉంటే సరిపోతుంది.

ఒక్క మాట మాత్రం ముందే తేల్చుకోండి. జీపతనితో బేరమాడేటప్పుడే "తిరిగి బయల్దేరేది ఏడింటికి" అని చెప్పండి. అక్కడికెళ్లాక చెప్తే అతనికి ఇంకో ట్రిప్పు పోతుంది, మీకు ప్రశాంతత పోతుంది.

నల్లరేగడి | జనవరి 4, ఉదయం 7:55

వేకువచుక్క గారూ, మీ మాటలోని నిజాన్ని ఒప్పుకుంటూనే కొంచెం అడ్డుపడతాను. ఇసుక మీది చిన్న అలలు కనిపించాలంటే ఏటవాలు ఎండే కావాలి. ఆ అలల ఎత్తు వేలెడు కూడా ఉండదు. సూర్యుడు దిగిపోయాక నీడలు కరిగిపోతే అలలూ కరిగిపోతాయి, మిగిలేది బూడిదరంగు దుప్పటి. అమెరికా ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1936లో కాలిఫోర్నియా తీరాన ఓషియానో దిబ్బల్ని పెద్ద కెమెరాతో తీసిన నలుపు తెలుపు చిత్రాలు చూడండి. వాటి బలమంతా ఆ నల్లటి నీడల్లోనే ఉంది. మెత్తని వెలుతురులో అవి పుట్టేవా?

మెత్తని వెలుతురు ముఖాలకి మంచిది. నేలకి రూపం ఇచ్చేది నీడ. ఈ అన్నగారు ఇరవై ఐదు నిమిషాల కోసం ఎదురు చూసి, దానికి ముందరి అరగంటను వదులుకుంటారేమోనని నా భయం.

వేకువచుక్క | జనవరి 4, మధ్యాహ్నం 1:20

వదులుకోమని నేను చెప్పలేదండీ. అయినా మీ ప్రశ్న అడగదగ్గదే. నాకు అర్థమైన తేడా ఇది. పాదాల దగ్గరున్న అలలు, గాలి గీసిన గీతలు, పురుగు నడిచిన జాడ, ఇవి ఏటవాలు ఎండ సొత్తు. దూరాన ఒకదాని వెనక ఒకటి పరుచుకున్న దిబ్బల వంపులు సంధ్యవేళ సొత్తు. ఎండలో ఆ వంపుల్ని తీస్తే పదునైన నీడ ముక్కలు కంటిని లాక్కుంటాయి, వంపు తెగిపోతుంది.

రెండో సంగతి, సంధ్యవేళ వెలుతురుకి దిశ ఉండదనుకోవడం పొరపాటు. పడమటి ఆకాశం తూర్పు కంటే చాలా ప్రకాశంగా ఉంటుంది. అందుకే దిబ్బ పడమటి వాలు లేతగా, తూర్పు వాలు ముదురుగా కనిపిస్తుంది. ఈ తేడాను పట్టుకోవాలంటే సూర్యుడు దిగిన చోటు మన పక్కకి రావాలి. అంటే మీ ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. పడమటికి తిరిగి తీస్తే దిబ్బలు నల్లటి గుట్టలైపోతాయి. తూర్పుకి తిరిగి తీస్తే మీరన్న బూడిద దుప్పటి వస్తుంది, నల్లరేగడి గారూ. మీరు తూర్పుకి తిరిగి తీసి ఉంటారని నా అనుమానం.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. థార్‌లో పెద్ద దిబ్బల్ని మలిచేది ఎక్కువగా ఎండాకాలపు నైరుతి గాలి. గాలి ఎక్కే వైపు వాలు సోమరిగా సాగుతుంది, ఇసుక జారే వైపు 30 డిగ్రీలు దాటి నిటారుగా దిగుతుంది. జనవరిలో సూర్యుడు దిగేది సరిగ్గా పడమరన కాదు, ఇరవై డిగ్రీలకు పైగా దక్షిణానికి జరిగి. అందువల్ల సాయంత్రం సోమరి వాలు మీద వెలుతురు, నిటారు వాలు మీద నీడ. ఈ రెండూ కలిసే అంచు వెంట నడిచే గీతే మీ ఫోటోకి వెన్నెముక. పొద్దున ఇది తలకిందులవుతుంది.

నల్లరేగడి | జనవరి 4, రాత్రి 8:05

తూర్పుకి తిరిగే తీశాను. పాత ఫైళ్లు ఇప్పుడే తెరిచి చూసుకున్నాను. రెండు మాత్రం ఉత్తరానికి తిరిగి తీసినవి ఉన్నాయి, ఆ రెండూ మీరన్నట్టే ఉన్నాయి. అలల విషయంలో నా మాట నాదే.

సిరిసిల్ల_షార్జా | జనవరి 5, రాత్రి 11:48

అన్నా, నేను షార్జాల పదకొండేండ్ల సంది ఉంటున్న, ఏసీల పని. సెలవు దొరికిన్నాడు దోస్తులం కలిసి ఎడారికి పోతం. అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేనింకో ముచ్చట చెప్త. మీరు పొద్దు కోసం చూస్తరు, మేము ఈడ పొగమంచు కోసం చూస్తం. చలికాలంల సముద్రం దిక్కు నుంచి తేమ వస్తది, రాత్రి ఇసుక జల్ది సల్లవడ్తది. తెల్లారేసరికి దిబ్బల నడుమ పల్లంల మంచు పేరుకుంటది. అబుదాబీల ఉన్న లివా దిక్కు పోతే దిబ్బల తలకాయలే పైకి కనవడ్తయి, కిందంత పాలు పోసినట్టుంటది. పొద్దు పొడిసినంక గూడ గంట దాకా ఆగుతది ఒక్కోసారి. ఎండ నేరుగ తగలది, జల్లెడ పట్టినట్టు దిగుతది. గంత మెత్తటి ఎల్తురు నేనింకెక్కడ చూడలే. ఇసుక ఈడ ఎర్రగుంటది, ఇనుము తుప్పు రంగు. మంచుల తడిసిన ఎరుపు ఎట్లుంటదంటే, పసుపు కుంకుమ కలిసినట్టు.

కానీ మంచుల బండి నడుపుడు పానం మీదికొస్తది. మేము రాత్రే పోయి ఆడనే పండుకుంటం. మంచు పడ్డంక తొవ్వ మీదికి పోము.

ఇంకొకటి. ఈ ఎడారిల గాఫ్ అని ఒక చెట్టుంటది, ఈ దేశం జాతీయ చెట్టు. నేను కొత్తగ వచ్చినప్పుడు దాని నీడకు కూసొని పైకి చూస్తే ఆకు మన జమ్మి ఆకే! దసరా నాడు బంగారమని పంచుకునేది. తర్వాత తెలిసింది, రెండూ ఒక్కటే జాతి. రాజస్థాన్‌ల దాన్నే ఖేజ్‌డీ అంటరు, వాళ్లకూ అదే రాష్ట్ర చెట్టు. మన తెలంగాణకు 2014ల రాష్ట్ర చెట్టు చేసిండ్రు. ఊరు యాదికొచ్చినప్పుడల్ల నేను గా చెట్టును ఫోటో దీస్త. అన్నా, మీకు ఇసుకల ఒంటరి జమ్మి కనవడ్తే మాత్రం ఇడువకుండ్రి.

గోదారిగట్టు | జనవరి 6, ఉదయం 6:30

తమ్ముడూ, ఇది చదివి మా అమ్మకి వినిపించాను. "అయితే అక్కడ జమ్మికి దణ్ణం పెట్టుకోవచ్చన్నమాట" అంది. తప్పకుండా వెతుకుతాను.

కొండపల్లి_కెమెరా | జనవరి 6, మధ్యాహ్నం 3:15

సెట్టింగుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిదరంగుకి తెచ్చే ప్రయత్నం చేస్తుంది. ఇసుక దానికంటే లేత. మీటరు మాట వింటే ఇసుక మురికిగా, చీకటిగా వస్తుంది. థార్ ఇసుకకి ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా పెంచండి (ఒక స్టాప్ పెంచడమంటే కెమెరాలోకి తీసుకునే వెలుతురు రెట్టింపు చేయడం). పెంచేటప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) ఒక్కటే చూస్తే చాలదు. నారింజ ఇసుకలో ముందు పొంగిపోయేది ఎరుపు చానల్. మొత్తం గ్రాఫు బాగానే ఉన్నట్టుంటుంది, లోపల ఎరుపు మాత్రం కుడిగోడకి గుద్దుకుని ఉంటుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేది) ఆన్ చేసుకోండి.

రంగుల వెచ్చదనాన్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. సంధ్యవేళ వెచ్చదనాన్ని ఆటో తప్పుగా భావించి తీసేస్తుంది. డేలైట్‌లో పెట్టి, రా (RAW, కెమెరా ఏమీ మార్చకుండా దాచే) ఫైలుగా తీయండి. నీడలోని ఇసుక నీలంగా వస్తుంది, రానివ్వండి. ఆ నీడకి వెలుతురిచ్చేది నీలాకాశమే కాబట్టి అది నీలంగానే ఉండాలి. లేత పసుపు పక్కన ఆ నీలం ఉంటేనే మెత్తదనం కంటికి తెలుస్తుంది. చాలామంది కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నీలాన్ని తుడిచేసి, మొత్తం దిబ్బని నారింజ చేసేస్తారు. నాకది బాధగా ఉంటుంది.

లెన్సు విషయంలో మీ 55-250 చాలు, నిజానికి అదే అసలైనది. వైడ్ పెడితే దిబ్బలు చిన్నవై, పనికిరాని ఆకాశం సగం నిండుతుంది. 150 నుంచి 250 మధ్య పెడితే దూరపు వంపులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. వైడ్ లెన్సుకి పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) మాత్రం తగిలించకండి, ఆకాశం మధ్యలో ముదురు మచ్చ పడుతుంది. అస్తమయం తర్వాత ప్రతి మూడు నాలుగు నిమిషాలకి వెలుతురు దాదాపు సగమవుతుంది. ఐఎస్‌ఓ (సెన్సరు సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్సు రంధ్రం) 8 పెట్టి షట్టర్ వేగాన్ని తగ్గించుకుంటూ పోండి, రెండు సెకన్ల టైమర్ వాడండి. తేలికపాటి ట్రైపాడ్ అన్నారుగా, కాళ్లను ఇసుకలోకి గట్టిగా దించి, మధ్య కడ్డీకి నీళ్ల బాటిల్ సంచి వేలాడదీయండి.

పెన్నఒడ్డు | జనవరి 6, సాయంత్రం 5:50

నా దగ్గర ఫోన్ తప్ప కెమెరా లేదు అన్నలూ. డిగ్రీ రెండో సంవత్సరం, నెల్లూరు. జైసల్మేర్ ఇప్పట్లో వెళ్లలేను. ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి?

నల్లరేగడి | జనవరి 6, సాయంత్రం 6:40

తమ్ముడూ, నీ పేరులోనే ఉంది. వేసవిలో పెన్నలో నీరు తగ్గాక ఇసుక బయటపడుతుంది కదా. గాలి వీచిన మర్నాడు తెల్లవారుజామున దిగు. థార్‌లో ఉండే అలే అక్కడా ఉంటుంది, పరిమాణం తేడా అంతే. ఆరు అంగుళాల ఎత్తున ఫోన్ పట్టుకుని అలలకి అడ్డంగా వెలుతురు పడేలా చూసుకో. విశాఖ వెళ్తే భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి. అవి ఎడారి దిబ్బలు కావు గానీ ఎరుపు నేల మీద మబ్బు పట్టిన రోజు వెలుతురు ఎలా పడుతుందో అక్కడ చక్కగా చూడొచ్చు. పైకెక్కి తొక్కకు, ఆ మట్టి తొందరగా విరిగిపోతుంది.

కొండపల్లి_కెమెరా | జనవరి 6, రాత్రి 9:02

ఫోన్‌కి నాలుగు ముక్కలు. మామూలు 1ఎక్స్ లెన్సే వాడు, వెడల్పు లెన్సు సంధ్యవేళ నాణ్యత కోల్పోతుంది. ఇసుక మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది, తర్వాత కొంచెం పైకి జరుపు. నైట్ మోడ్ ఆపేయి. అది చాలా ఫ్రేములు కలిపి నునుపు చేస్తుంది, ఇసుక గరుకుదనం పోయి మైనంలా తయారవుతుంది. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ 5200 దగ్గర ఆపు. ఫోన్‌ని ఇటుకకి ఆనించి టైమర్ పెట్టినా చాలు.

సోనోరా_తెలుగు | జనవరి 7, ఉదయం 10:25

ఫీనిక్స్ నుంచి. మా చుట్టూ ఉన్నది ఎడారే అయినా ఇక్కడ దిబ్బల కంటే సగువారో కాక్టస్‌లు ఎక్కువ. దిబ్బల కోసం నేను ఏటా న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌కి వెళ్తాను. 2019 డిసెంబరులో దాన్ని నేషనల్ పార్క్ చేశారు. అక్కడి ఇసుక మనకి తెలిసిన ఇసుక కాదు, జిప్సమ్. సున్నంలా తెల్లగా ఉంటుంది, ఎండలో కూడా పాదం కాలదు.

ఈ చర్చకి అది ఎందుకు పనికొస్తుందంటే, తెల్ల ఇసుకకి తన రంగంటూ లేదు. ఆకాశం ఏ రంగుంటే అదే తొడుక్కుంటుంది. వేకువచుక్క గారు చెప్పిన గులాబీ పట్టీ లేచినప్పుడు దిబ్బ మొత్తం లేత గులాబీ అయిపోతుంది, పల్లాల్లో నీలం నిలుస్తుంది. మెత్తని వెలుతురు ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి అంతకన్నా మంచి బడి నేను చూడలేదు. ఎక్స్‌పోజర్ అక్కడ ఒక స్టాప్ పైనే పెంచాలి. గేటు తెరిచే వేళలు మాత్రం ఇబ్బంది, సూర్యోదయానికి ముందు లోపలుండటం ఏడాదిలో చాలా రోజులు కుదరదు. పక్కనే క్షిపణి ప్రయోగాల క్షేత్రం ఉంది, పరీక్షలున్నప్పుడు రోడ్డు మూసేస్తారు. అందుకని నేను సాయంత్రాలకే అలవాటుపడ్డాను. మన దేశంలో ఇలాంటిది చూడాలంటే గుజరాత్‌లోని కచ్ తెల్ల రణ్. అక్కడ దిబ్బలుండవు, చదునైన ఉప్పునేల. కానీ సంధ్యవేళ రంగు తొడుక్కునే గుణం అదే.

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో మెస్కీట్ దిబ్బల దగ్గర ఒక సంగతి నేర్చుకున్నాను. కార్లు ఆపే చోటు నుంచి మొదటి కిలోమీటరంతా అడుగుజాడలే. మెత్తని వెలుతురులో అడుగుజాడలు తక్కువగా కనిపిస్తాయని అనుకుంటాం, కానీ నునుపైన వాలు మీద ఒక్క గుంట ఉన్నా కన్ను దాని దగ్గరే ఆగిపోతుంది. ముందు చీకట్లో టార్చి వేసుకుని దూరం నడవాలి, మనం నడిచే దారి రేపు మన ఫ్రేములోకి రాకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి.

గోదారిగట్టు | జనవరి 7, మధ్యాహ్నం 12:10

అమ్మకి అరవై ఎనిమిది. ఎక్కువ దూరం నడవలేదు. ఏం చేయమంటారు?

వేకువచుక్క | జనవరి 7, మధ్యాహ్నం 2:45

సమ్ వదిలేసి ఖూరీకి వెళ్లండి. జైసల్మేర్‌కి నైరుతిగా, గంట ప్రయాణం. దిబ్బలు ఊరిని ఆనుకునే ఉంటాయి, జనం తక్కువ. అమ్మగారిని ఒక చిన్న దిబ్బ మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టొచ్చు. ఎండ పోయాక చలి ఒక్కసారిగా పడుతుంది, శాలువా మరవకండి. ఒక ఉదయం మటుకు దిబ్బలు మానేసి ఊళ్లోని గడీసర్ చెరువుకి వెళ్లండి. పొద్దు పొడవకముందు ఆ పసుపురాతి మంటపాలు నీళ్లలో కనిపిస్తాయి, నడక అసలే ఉండదు.

నల్లరేగడి | జనవరి 7, రాత్రి 8:30

కెమెరా క్షేమం గురించి కూడా ఒక మాట. గాలికి ఎగిరే ఇసుకలో చాలా భాగం మోకాలి ఎత్తు దాటదు. రేణువులు గెంతుకుంటూ పోతాయి. అందుకే సంచిని నేల మీద పెట్టకండి, భుజానే ఉంచుకోండి. దిబ్బ మీద లెన్సు మార్చవద్దు. 55-250 గదిలోనే తగిలించి తీసుకెళ్లండి, 18-55ని ఆ పూటకి మరిచిపోండి. లెన్సు మీద ఇసుక పడితే గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. ఊదే రబ్బరు బుడ్డితో ఊదండి. ట్రైపాడ్ చివరి కాలు నాలుగు వేళ్లు బయటికి లాగి ఉంచితే జాయింటు ఇసుక పైన ఉంటుంది. గదికొచ్చాక నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

ఇది ఫోటోకి సంబంధించింది కాకపోయినా చెప్పాలి. మాది నంద్యాల వైపు. మా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. చిన్నప్పుడు మా నాన్న చూపించారు, గడ్డిలో మనిషిలా నిటారుగా నడిచే పిట్ట. ఇప్పుడు దేశంలో మిగిలిన కొద్దిపాటి పిట్టల్లో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి. సమ్, ఖూరీ రెండింటి పక్కనా ఎడారి జాతీయ వనం ఉంది, మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా. మంచి వెలుతురు పోతోందని జీపుని దారి తప్పించి గడ్డి మీదికి తోలించకండి. ఆ పిట్ట గుడ్డు పెట్టేది నేల మీదే. డ్రోన్ ఆలోచన కూడా వద్దు, అది సరిహద్దు ప్రాంతం.

ఒంటెలు నడిపేవాళ్లని తీయాలనుకుంటే ముందు అడగండి, వాళ్ల సమయానికి డబ్బివ్వండి. సంధ్యవేళ ఆగమంటే వాళ్లకీ ఇల్లుంది.

గోదారిగట్టు | జనవరి 27, రాత్రి 10:15

తిరిగొచ్చి మూడు రోజులైంది. ఫోటోలు వేరుగా పెట్టాను, జరిగింది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సాయంత్రం ఖూరీలో దుమ్ము. పడమట అంతా మసక. సూర్యుడు నేలకి చాలా పైనుండగానే పాలిపోయి, కంటితో చూడగలిగేంత మెత్తగా అయిపోయాడు. నీడలు లేవు, రంగులూ లేవు. నిరాశపడ్డాను. మా ఆవిడ మాత్రం "ఇదే కదా నువ్వు అడిగిన మెత్తని వెలుతురు" అంది. దాంతో మనసు మార్చుకుని దూరపు దిబ్బల్ని 250 దగ్గర తీశాను. ఒకదాని వెనక ఒకటి, ప్రతిదీ ముందుదానికంటే కొంచెం వెలిసిపోతూ ఐదు వరసలు. దుమ్ము ఆ పని చేసిపెడుతుందని ఇక్కడెవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. మసక రోజున తిరిగి రాకండి.

రెండో పొద్దున ఒక్కడినే వెళ్లాను. 7:10కి తూర్పు తెల్లబడింది. దక్షిణానికి తిరిగి నిలబడ్డాను. వేకువచుక్క గారూ, నిటారు వాలు వెలుగుతూ సోమరి వాలు నీడలో ఉండటం మీరు చెప్పినట్టే చూశాను. సూర్యుడు వచ్చాక నల్లరేగడి గారి మాట విన్నాను, పాదాల దగ్గర అలలు తీశాను. పదిహేను నిమిషాలే బాగున్నాయి. ఇద్దరి మాటా నాకు పనికొచ్చింది.

మూడో సాయంత్రం అమ్మని తీసుకెళ్లాను. ఊరి అంచున, దిబ్బ మొదలయ్యే చోట జమ్మి ఉంది. ఒకటే. కొమ్మలు నరికిన గుర్తులున్నాయి, మేకల మేతకి కొట్టుకుంటారట. అమ్మ చెప్పులు విప్పి దాని చుట్టూ తిరిగింది. తర్వాత కింద కూర్చుని ఇసుకని గుప్పిట్లోకి తీసుకుని వదులుతూ ఉంది. అస్తమయమైంది. చుట్టుపక్కల జీపులు కదిలాయి. మా జీపతను ఏడింటి దాకా ఆగుతానని ముందే ఒప్పుకున్నాడు కాబట్టి టీ తాగుతూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత అమ్మ ముఖానికి ఎడమవైపు లేత రంగు తిరిగింది. కుడివైపు ముడతలన్నీ నీడలో మెత్తబడ్డాయి. వెనక ఇసుక కూడా అలాగే, ఒకవైపు లేత, ఒకవైపు ముదురు. అమ్మ చెంపకి, దిబ్బ వాలుకి తేడా తెలియని వెలుతురు అది.

వివరాలు అడిగేవారి కోసం: 6:31, ఎఫ్ 4, సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ 800. 18-55తోనే తీశాను, ముందే తగిలించి తీసుకెళ్లాను. వైట్ బ్యాలెన్స్ డేలైట్. నీలాన్ని తుడవలేదు.

కొండపల్లి_కెమెరా | జనవరి 27, రాత్రి 10:50

చూశాను. చీర కుచ్చిళ్ల నీడలో నీలం అలాగే ఉంచినందుకు చాలా సంతోషం. చెట్టు మొదలు కొంచెం చీకటిగా ఉంది, అక్కడ ఒక అరస్టాప్ తెరవండి. ఇంకేమీ ముట్టుకోవద్దు.

వేకువచుక్క | జనవరి 28, ఉదయం 6:05

అమ్మగారి ఫోటో నాలుగుసార్లు తెరిచి చూశాను. దుమ్ము గురించి మీరు రాసింది నిజం, ఆ మాట నేనే ముందు చెప్పి ఉండాల్సింది. మే, జూన్‌లో ఆంధీ (దుమ్ముతుఫాను) రేగి తగ్గిన మర్నాడు ఇంకా బాగుంటుంది. కానీ ఆ వేడిలో అమ్మగారిని తీసుకెళ్లలేరు.

సిరిసిల్ల_షార్జా | జనవరి 28, రాత్రి 11:30

అన్నా, ఫోటోల చెట్టు చూసిన. అమ్మను చూసిన. ఏమనాల్నో సమజైతలేదు. పెద్ద ఫైలు పంపుతవా? ఈడ రూముల నా మంచం మీదికి గోడ ఖాళీగుంది, ప్రింటు తీయించుకుంట.

గోదారిగట్టు | జనవరి 29, ఉదయం 7:20

పంపాను తమ్ముడూ. కొండపల్లి గారు చెప్పినట్టు చెట్టు మొదలు అరస్టాప్ తెరిచిన ఫైలే అది. 12 బై 18 అంగుళాల సైజు దాకా ఇబ్బంది లేకుండా వస్తుంది. మెరుపు కాగితం మీద వేయించకు, మ్యాట్ అడుగు.